స్వామిని అడక్కూడదట

తాగుడు గురించి అడగడం ఎంత కష్టమో తాగేవాళ్ళకు తెలియదు. వాళ్ళ పాటికి వాళ్ళు హాయిగా తాగుతారు. అడగాల్సిన మాకే చెమటలు పడతాయి.

మద్యనిషేధం ఎత్తేసి కొన్నేళ్ళయిన రోజులవి. తిరుపతిలో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుండేదాన్ని. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచి, మా పిల్లలు డ్యూటీకి వెళ్ళే పెద్దాసుపత్రిలో కొత్త శిక్షణ ఒకటి మొదలవుతోందని, దాన్ని నేనే చూసుకోవాలని చెప్పారు. ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగినీ తాగుడు, పొగాకు, మత్తుమాత్రల లాంటి అలవాట్ల గురించి మొదట్లోనే పద్ధతిగా అడిగి తెలుసుకోవాలి. అలా అడగడం మెడికల్ పిల్లలకూ నర్సింగ్ పిల్లలకూ ఫార్మసీ పిల్లలకూ ఒకేచోట కూర్చోబెట్టి నేర్పాలి. రేపు ఉద్యోగాల్లో కలిసి పనిచేయాల్సినవాళ్ళు ఇప్పుడే కలిసి నేర్చుకుంటే బాగుంటుందని పైన ఎవరో పెద్దాయన అనుకున్నాడట. అనుకున్నాయన హైదరాబాదులో ఉంటాడు. కలపాల్సిన ఖర్మ నాది.

"నేనే ఎందుకు సార్?" అని అడిగాను.

"మీకు గొంతుంది కదమ్మా" అన్నారాయన.

మొదటిరోజు క్లాసుకు వెళ్ళి చూద్దును కదా, మెడికల్ పిల్లలంతా ముందు వరసల్లో కూర్చున్నారు. మా నర్సింగ్ అమ్మాయిలు గోడకు అతుక్కుపోయి చివరి వరసల్లో ఉన్నారు. ఫార్మసీ పిల్లలు తలుపు దగ్గర, ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు సగం బెంచీల మీద, సగం బయట. మధ్యలో రెండు వరసలు ఖాళీ. కలిసి కూర్చోండిరా అని బతిమాలాను, కసిరాను, చివరికి పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి కూర్చోబెట్టాను. మంచినీళ్ళు తాగొస్తామని బయటికి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ ఎవరి వరసల్లో వాళ్ళు కూర్చున్నారు. ఎవరికి వారే యమునా తీరే.

మెడికల్ పిల్లల లెక్క ప్రకారం ప్రశ్న అడిగేది డాక్టరు, నర్సు పక్కన నిలబడి రాసుకోవాలి. ఫార్మసీవాళ్ళు ఎందుకొచ్చారో వాళ్ళకు అర్థమే కాలేదు. రోగి దగ్గర రోజంతా ఉండేది మేము, రెండు నిమిషాలు నిలబడి పోయేవాళ్ళు అడిగితే ఎవరు చెబుతారని మా అమ్మాయిల వాదన. ఆ వాదన నా చెవిలో చెప్పారే గాని వాళ్ళ ముందు ఒక్కతె నోరు విప్పితే ఒట్టు. ఫార్మసీ పిల్లలకు ఒకటే సందేహం, సర్టిఫికెట్ ఇస్తారా ఇవ్వరా అని. ఆ సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం పైన ఉండాలి, ఎవరిది కింద ఉండాలి అని అప్పటికే మూడు కాలేజీల పెద్దవాళ్ళ మధ్య రగడ నడుస్తోంది. పాఠం ఒక్క ముక్క చెప్పలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరే, ఏదో ఒకటి మొదలుపెట్టాలి కదా అని, నేనే తువ్వాలు భుజాన వేసుకుని పల్లెటూరి ముసలాయన వేషం కట్టి కుర్చీలో కూర్చున్నాను. ముగ్గురిని ముందుకు పిలిచాను. మెడికల్ అబ్బాయి చిత్తూరులో బట్టల షాపు వాళ్ళ కొడుకు, మర్యాదస్తుడు, మాట మాత్రం పాఠ్యపుస్తకం. నర్సింగ్ అమ్మాయిది వడమాలపేట దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. ఫార్మసీ అబ్బాయిది పలమనేరు, వాళ్ళకు పాల వ్యాపారం.

"అయ్యా, తమకు మద్యపానం సేవించే అలవాటు కలదా?" అని మొదలుపెట్టాడు చిత్తూరు అబ్బాయి.

"ఏంది నాయనా, రేడియోలో వార్తలు సదివినట్ల అడగతావు?" అన్నాను ముసలాయన గొంతుతో. క్లాసంతా నవ్వింది. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

మా అమ్మాయి వచ్చింది. "తాతా, నువ్వు... అది... తీసుకుంటావా?"

"ఏది పాపా?"

"అదే తాతా."

"అదే అంటే ఏది?"

పిల్ల తలకాయ నేలకు వేసేసింది. అది మందో మాత్రో మజ్జిగో ఆ ముసలాయనకు ఎలా తెలియాలి?

ఫార్మసీ అబ్బాయి మాత్రం ఏ మొహమాటమూ లేకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, నా మోకాలి మీద తట్టబోయి, నేను మేడమ్‌నని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏమప్పా, దినానికి ఎన్ని కోటర్లు లాగిస్తావు?" అన్నాడు. తాగనివాడు కూడా ఆ పిలుపుకు లేచి వెంట వెళ్ళిపోయేటట్టున్నాడు.

టీ తాగుతారా, కాఫీ తాగుతారా అని అడిగినంత మామూలుగా అడగమని చెప్పాను. సిగ్గుపడొద్దు, తిట్టొద్దు, జాలిపడొద్దు. ఎంత తాగుతారో అడగండి, ఎన్నాళ్ళనుంచో అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, చివరిసారి ఎప్పుడు తాగారో అడగండి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు తట్టుకోలేదు, రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, చూసుకోకపోతే ప్రాణమే పోవచ్చు. ఈ మాట నోరు నొప్పిపుట్టేదాకా చెప్పాను. అందరూ నోటు పుస్తకాల్లో గీతలు గీసి మరీ రాసుకున్నారు. పరీక్ష పెడితే తు.చ. తప్పకుండా అప్పజెప్పారు. సంతోషపడ్డాను. పరీక్షలో రాసింది వార్డులో గుర్తుంటుందని నమ్మడం మాలాంటి టీచర్లకు ఉండే జబ్బు, దానికి మందు లేదు.

వార్డుకు పంపే రోజు వచ్చేసరికి కార్తీకమాసం వచ్చింది. తిరుపతిలో ఏ సందులో చూసినా నల్లబట్టలే. మాల వేసుకున్న మగవాళ్ళు మండలం పాటు మాంసం, మద్యం, బీడీ, చెప్పులు అన్నీ వదిలేసి, తెల్లవారకముందే చన్నీళ్ళు పోసుకుని, నేలమీద పడుకుంటారు. వాళ్ళను పేరుపెట్టి పిలవకూడదు, కన్నతల్లి అయినా కట్టుకున్న భార్య అయినా స్వామీ అనే అనాలి. మంచి నియమమే, నాకేం కోపం లేదు. మా చిత్తూరు అబ్బాయి కూడా మాల వేసుకునే వచ్చాడు. నల్ల చొక్కా మీద తెల్లకోటు, నుదుట విభూది, మెడలో తులసిమాలతో పాటు స్టెతస్కోపు, వట్టి కాళ్ళు. ఆసుపత్రి నేలమీద చెప్పుల్లేకుండా తిరగొద్దురా, ఏ సూది గుచ్చుకుంటుందో అంటే, "స్వామి చూసుకుంటాడు మేడమ్" అన్నాడు.

మెడికల్ నుంచి ఒకరు, నర్సింగ్ నుంచి ఒకరు, ఫార్మసీ నుంచి ఒకరు చొప్పున జట్లు కట్టి పంపాం. ఈ ముగ్గురూ ఒక జట్టు. వాళ్ళకు ఎముకల వార్డు పడింది. ఆ మధ్యాహ్నం నేను వెళ్ళి చూస్తే అన్ని మంచాల దగ్గరా ఈ ప్రశ్నలు అడగడం అయింది, కిటికీ పక్క మంచం ఒక్కటి మిగిలింది. అందులో ఉన్నది నగరిలో మరమగ్గం నడిపే మనిషి. మాల వేసుకున్న మర్నాడే, గురుస్వామిని చూడటానికి తిరుపతి వస్తూ మోపెడ్ మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం చేర్చారు. ఆపరేషన్ కోసం చూస్తున్నారు. కాలికి బరువు కట్టి మంచానికి బిగించినా, నేలమీదే పడుకుంటానని గొడవట.

"ఆయన్నెందుకు వదిలేశారు?" అని అడిగాను.

"ఆయన మాలలో ఉండాడు మేడమ్" అన్నాడు చిత్తూరు అబ్బాయి.

"ఉంటే?"

"స్వామిని అట్ల అడక్కూడదు మేడమ్. అపచారం."

"ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళావని అడిగావు కదా, అది అపచారం కాదా?"

"అది వేరే మేడమ్."

ఏం వేరో అతనికీ తెలియదు. మా అమ్మాయి అతనికి వత్తాసు వచ్చింది. "మాలలో ఉన్నోళ్ళు తాగరు గదా మేడమ్, ఇంక అడిగేదానికి ఏముండాది?"

"అటుమొన్న తాగిందాన్ని మొన్నటి మాల దింపేస్తుందా తల్లీ?" అన్నాను. నా గొంతు పెరిగింది. వార్డులో రెండు మూడు తలలు ఇటు తిరిగాయి. పలమనేరు అబ్బాయి ఇద్దరి మాటలకూ తల ఊపుతున్నాడు, నా మాటకు కూడా ఊపాడు.

ఇక వీళ్ళతో కాదని నేనే మంచం దగ్గరికి వెళ్ళాను. ఆ మనిషి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. అతని భార్య గోడవారన నిలబడి ఉంది. మీ ఆయనకు తాగుడు అలవాటుందా అమ్మా అని మెల్లిగా అడిగాను. ఆమె మొగుడి వైపు చూసింది, నా వెనకాల నల్లచొక్కాలో ఉన్న చిన్నస్వామి వైపు చూసింది. "స్వామి ఏమీ తాగరు మేడమ్" అంది తల దించుకుని. వెనకనుంచి మా వాడు సంతృప్తిగా ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. కాస్త కనిపెట్టుకుని ఉండండి, ఏం తేడా కనిపించినా ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోండి, డ్యూటీ డాక్టరుకు చెప్పండి అని మరీ మరీ చెప్పాను. అంతలో ప్రిన్సిపాల్ గారి కబురు. సంతకాల పంచాయితీ తెగలేదట, నన్ను రమ్మన్నారు. మూడు కాలేజీల పెద్దవాళ్ళు కూర్చుని, సంతకాలు పైనా కిందా కాకుండా పక్కపక్కన ఉండాలని తీర్మానించారు. ఎవరిది ఎడమ, ఎవరిది కుడి అన్నది మళ్ళీ వారానికి వాయిదా పడింది.

మర్నాడు పొద్దున ఓపీ చీటీల వరస మొదలయ్యే వేళకు వెళ్ళాను. మెట్లు ఎక్కుతుండగానే కర్పూరం వాసన. ఎముకల వార్డులోంచి శరణుఘోష. లోపలికి వెళితే కిటికీ పక్క మంచం చుట్టూ జనం. పక్క మంచాల వాళ్ళ బంధువులు, చెయ్యి విరిగినవాడొకడు కట్టుతో సహా, ఊడ్చేవాళ్ళు, అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. ఎవరో స్టీలు పళ్ళెంలో కర్పూరం వెలిగించి అటూ ఇటూ తిప్పుతున్నారు. ఆ పక్కనే ఆక్సిజన్ సిలిండర్.

మంచం మీద ఆ మనిషి సగం లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. కళ్ళు ఎటో చూస్తున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో లేని దారాన్ని పట్టుకుంటున్నాడు, నోటి దగ్గర తడి చేస్తున్నాడు, మెలిపెట్టి ఇంకో లేని దారానికి అతుకుతున్నాడు. అతుకు నిలవలేదేమో, మళ్ళీ పడుతున్నాడు. "పోగు తెగింది రా! మగ్గం ఆపండి! అంతా తెగిపోతా ఉండాది, ఆపండి రా!" అని అరుస్తున్నాడు. బరువు కట్టిన కాలు ఈడ్చుకుంటూ మంచం దిగబోతున్నాడు.

"స్వామి ఒంటిమీదికి వచ్చినాడు" అంటున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

మా చిత్తూరు అబ్బాయి కూడా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. తెల్లకోటులో. స్టెతస్కోపుతో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం లాక్కుని కర్పూరాన్ని తడిగుడ్డతో ఆర్పేశాను. పాపం పుణ్యం అని ఎవరో గొణిగారు. "ఆయనకు దేవుడు పూనలేదు. తాగుడు ఆపిన ఒళ్ళు అలా చేస్తోంది. జరగండి అందరూ!" అని అరిచాను. ప్రిన్సిపాల్ గారు చెప్పిన గొంతు ఆరోజు పనికొచ్చింది.

అతని భార్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఏడుస్తోంది. భుజం పట్టి లేపాను.

"అమ్మా, ఈయన మాల వేసుకోకముందు ఎంత తాగేవాడు?"

"మాలలో ఉండే మనిషిని గురించి చెడ్డమాట చెప్తే పాపం తగలదా మేడమ్?"

"ఆ పాపం నా ఖాతాలో వెయ్యి. చెప్పు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "దినామూ తాగతాడు మేడమ్. పొద్దున మొగం కడక్కముందే కావాల. చెయ్యి ఒణికితే పోగు అతకదంటాడు. మాల ఏసుకునే ముందురేత్రి దాకా తాగినాడు, తెల్లారి తలకు పోసుకొని ఏసుకున్నాడు. ప్రతేడూ అంతే. మాల ఏసుకున్నాక రెండు మూడు దినాలు ఒణుకుతాడు, నిద్రపోడు. స్వామి పరీక్ష పెడతా ఉండాడు అంటాడు. ఈతూరి రొంబ ఎక్కువగా ఉండాది మేడమ్, నాకు బయమేస్తా ఉండాది."

చేతులు వణకబట్టే మోపెడ్ మీదనుంచి పడ్డాడేమో అని అప్పుడు తోచింది నాకు.

డ్యూటీ డాక్టరు పరుగున వచ్చాడు. నాలుగు ముక్కల్లో చెప్పాను. పక్క మంచం పెద్దమనిషి, "ఒక కోటరు పోస్తే కుదురుకుంటాడు సార్, నేను తెప్పిస్తా" అన్నాడు సాయం చేస్తున్నట్టు. "మాలలో ఉండే మనిషి నోట్లో పోస్తారా!" అని ఆమె వాడి మీదికి వెళ్ళినంత పని చేసింది. డాక్టరు ఇద్దరినీ కసిరి, నరాలు నెమ్మదించే సూదీ బీ విటమిన్ సూదీ రాశాడు. ఆ మనిషి ఒక చేత్తో మెడలో మాల పట్టుకుని లాగుతున్నాడు. మెడకు బిగుసుకుంటోంది. "కత్తెర తెండి, ఆ మాల తెంచేద్దాం" అన్నాడు డాక్టరు.

అప్పటిదాకా ఏడుస్తున్న ఆమె మంచానికి అడ్డంగా నిలబడింది.

"తెంచొద్దు సార్. మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ మాల మెడలో ఉన్నన్ని దినాలే సార్ ఆయన నాకు మొగుడు, నా బిడ్డకు నాయన. ఏడాదిలో ఆ నాలుగు దినాలే మేము తిట్లూ దెబ్బలూ లేకుండా అన్నం తినేది. తెంచేస్తే రేపే మొదలుపెడతాడు. కాలు పోతే పోనీండి, మాల తెంచొద్దు."

డాక్టరుకు చిరాకు. ఆయన తప్పేం లేదు, రోగి మెడ ఆయనకు ముఖ్యం. మా చిత్తూరు అబ్బాయి ముందుకొచ్చి, "నేను పట్టుకుంటా సార్" అన్నాడు. మాలను మెడనుంచి సడలించి, దండను గాజుగుడ్డలో చుట్టి రొమ్ముకు అతికించాడు. ఇక లాగినా బిగుసుకోదు. మా అమ్మాయి దూది పెట్టి అతని చేతులను మెత్తగా మంచానికి కట్టింది. వార్డులో ఆ సూదిమందు లేదంటే పలమనేరు అబ్బాయి స్టోరుకు పరిగెత్తి తెచ్చాడు, తెస్తూ తెస్తూ మోతాదు సరిచూసుకుని వచ్చాడు. ముగ్గురూ ఒక్క మాట అనుకోకుండా పని చేశారు. చూసి మెచ్చుకోవాల్సింది. ఆ వేడిలో నాకు మెచ్చుకోలు రాలేదు.

అతను కాస్త నెమ్మదించాక ముగ్గురినీ వరండాలోకి పిలిచాను.

"నిన్న మీకేమీ కనిపించలేదా?"

"నీళ్ళ చెంబు పట్టుకుంటే చెయ్యి ఒణికింది మేడమ్. చన్నీళ్ళతో ఒళ్ళు తుడిపించుకున్నాడు గదా, చలికనుకున్నా" అంది మా అమ్మాయి.

"ఎవరికైనా చెప్పావా?"

"ఆయన డాక్టరు గదా మేడమ్. ఆయనకు తెలిసే ఉంటాదిలే అని..."

మా చిత్తూరు డాక్టరు గారి వైపు తిరిగాను. నాడి వేగంగా ఉండిందట, నొప్పికి అనుకున్నాడట. నర్సు చూసే ఉంటుందిలే అనుకున్నాడట. పలమనేరు అబ్బాయి గోడ వైపు చూస్తూ, "వాళ్ళామె నన్ను నిద్రమాత్రలు ఉండాయా అనింది మేడమ్. రెండు రేత్రుళ్ళుగా కన్ను మూయలేదంట. నన్నెవరూ ఏమీ అడగలేదు గదా అని నేను చెప్పలే" అన్నాడు.

వణుకు ఒకరి దగ్గర, నాడి ఒకరి దగ్గర, నిద్ర ఒకరి దగ్గర. మూడూ ఒకచోట పెట్టి ఉంటే పసిపిల్లకు కూడా అర్థమయ్యేది. నిన్న మధ్యాహ్నం క్యాంటీనులో ముగ్గురూ ఎక్కడ కూర్చున్నారని అడిగాను. ఎవరి బల్ల దగ్గర వాళ్ళట. పక్కపక్క బల్లలేనట. కలిసి టీ తాగనివాళ్ళు తాగుడు గురించి కలిసి అడగడానికి బయల్దేరారు! ఆమాటే అన్నాను, ఇంకా చాలా అన్నాను. మా అమ్మాయి ఏడ్చింది. ఏడవనిచ్చాను.

ఆ మనిషి బతికాడు. కొన్నాళ్ళు అయోమయంగా ఉండి తేరుకున్నాడు. తర్వాత కాలికి ఆపరేషన్ అయింది. మాల మెడలోనే ఉంది. ఇరుముడితో కొండకు పోలేకపోయినా మండలం పూర్తిచేసి, మాల అక్కడే నగరిలో గుళ్ళో తీయిస్తామని చెప్పి వెళ్ళారు. వెళుతూ ఆమె నా చేతులు పట్టుకుని, "మాల తీయకముందే వచ్చి మిమ్మల్ని కలుస్తాం మేడమ్, ఏదన్నా దారి చెప్పండి" అంది. రాలేదు. నగరి నుంచి కాలు విరిగిన మనిషిని బస్సెక్కించి తేవడం మాటలా?

మా శిక్షణ మీద ఒక నివేదిక తయారైంది. కలిపి నేర్పే పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసిందని అందులో రాశారు. నగరి మనిషి సంగతి అందులో లేదు. ఎందుకు లేదని అడిగితే, "అది మనకు మంచి పేరు కాదు కదమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. సంతకాలు మాత్రం ముచ్చటగా పక్కపక్కనే ఉన్నాయి.

శివరాత్రి ముందు వాళ్ళు కాలు చూపించుకోవడానికి వచ్చారు. ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు ఆ ముగ్గురు పిల్లలూ ఆసుపత్రిలోనే ఉన్నారు. మీ రోగి వచ్చాడు, మీరే మాట్లాడండి అన్నాను. ఓపీ వెనక వరండాలో బల్ల మీద అతన్ని కూర్చోబెట్టారు. పక్కన రెండు ఊతకర్రలు. మెడ బోసిగా ఉంది. మా చిత్తూరు అబ్బాయి కూడా మాల తీసి, క్రాఫు చేయించుకుని, బూట్లు వేసుకుని ఉన్నాడు.

ఇంతకాలానికి వాళ్ళకు అడగడం వచ్చింది. ఆ అబ్బాయి ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని, "కాలు ఎట్లుందన్నా? మాల తీసినాక మళ్ళీ మొదలైందా?" అన్నాడు. రేడియో ఎటు పోయిందో పోయింది.

"అయింది" అన్నాడతను.

"కడాపట ఎప్పుడు తాగినావు?"

"పొద్దున. బస్సెక్కే ముందర."

ఎంత తాగుతాడో చెప్పాడు, ఎక్కడ తాగుతాడో చెప్పాడు, ఒక్కోరోజు ఎవరి బండి వెనకో ఎక్కి సరిహద్దు దాటి అరవనాడు వైపు పోయి తాగుతానని కూడా చెప్పాడు. ఏదీ దాచలేదు. పిల్లలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహాలు వెలిగిపోతున్నాయి. అడిగాం, చెప్పాడు! ఇంకాస్త ఉంటే ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపేసుకునేవాళ్ళే.

అతని భార్య వాళ్ళను చూసి నా వైపు తిరిగింది. "ఏం మేడమ్, మీ పిల్లోళ్ళు అంత సంతోషంగా ఉండారు?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నాకు సిగ్గేసింది, ఒళ్ళు మండింది.

"ఆయన నిజం చెప్పాడని."

"నిజం నాకు తెలీదా మేడమ్? వాకిట్లో అడుగు పెడితే వాసనే చెప్తాది. మీరు అడగడం అయిపోయింది గదా, ఇప్పుడు ఏం చేస్తారు? మళ్ళా కార్తీకం రావాలంటే యాడుండాది? అందాక నేనేం చేసేది?"

ముగ్గురూ నా వైపు చూశారు. నేనెవరి వైపు చూడాలి? అడగడం నేర్పమన్నారు గాని అడిగాక ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు. ఈ ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు లేదు, డాక్టరు లేడు, ఒక్క మంచం లేదు. బెంగళూరుకో మద్రాసుకో పొమ్మని రాసివ్వాలి. మగ్గం మీద కూలికి పోయే మనిషి ఊతకర్రలతో బెంగళూరు ఎట్లా పోతాడు? హైదరాబాదులో ఉన్న పెద్దాయన ఎదురుగా ఉంటే ఆ క్షణాన ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మా వడమాలపేట అమ్మాయి బల్ల మీద అతని పక్కన కూర్చుంది. నేను చెప్పలేదు, అలా అడగాలని ఎవరూ నేర్పలేదు కూడా. "అన్నా, మాలలో ఉన్నప్పుడు అన్ని దినాలు ముట్టకుండా ఉంటావు గదా. అప్పుడెట్ల ఉండగలవు?" అంది.

"అప్పుడు గుర్తుకే రాదు పాపా."

"ఎందుకు రాదు?"

అతను ఊతకర్ర మీద గోటితో గీస్తూ మెల్లిగా చెప్పాడు.

"తెల్లారే ముందే స్వామీ, స్నానానికి పోదాం రా అని ఒకరు వాకిట్లోకి వచ్చి పిలస్తారు. మద్యానం స్వామీ, మా ఇంట్లో బిక్షకు రా అంటారు. మాపటేల స్వామీ, బజనకు రా అంటారు. ఎప్పుడూ నన్ను నిలబెట్టి మాట్లాడే మగ్గాల ఓనరు గూడా స్వామీ, కూర్చో అంటాడు. మాల తీసేస్తే నన్నెవురు పిలస్తారు పాపా? బ్రాందీ షాపు ముందర పోతా ఉంటే వాడొక్కడే పిలిచేది."

ఓపీలో ఎవరి పేరో పిలుస్తున్నారు. అతని భార్య గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నది. ఆమె గొంతు నేను అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"నేను పిలవలేదా?" అంది. "దినామూ కూడు ముందర పెట్టుకొని, నేను పిలవలేదా?"

అతను తలెత్తలేదు. ఆమె వంగి, కిందికి జారిన ఊతకర్ర తీసి అతని చేతికిచ్చింది.